నల్లబడే రొయ్య తల: నెల రోజుల ప్రాజెక్టు డైరీ

జూన్ 2

నిన్న నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో అక్కా వాళ్ల ఊరికి వెళ్లాం. బావ రొయ్యల గుంటలో పట్టుబడి, అంటే పెంచిన రొయ్యలను పట్టి అమ్మడం, సరిగా జరగలేదని ఆయన ముఖం చూడగానే అర్థమైంది. రొయ్య బాగానే పెరిగింది, 50 కౌంట్, అంటే కిలోకు 50 తూగే సైజు, వచ్చింది. తెల్లవారుజామున వల లాగారు. ఐస్ రావడం ఆలస్యమైంది. కొనేవాళ్ల దగ్గర పెట్టెలు విప్పేసరికి చాలా రొయ్యలకు తలలు నల్లబడి ఉన్నాయి. ధర తగ్గించి తీసుకున్నారు. మేత అప్పు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు, రాత్రిళ్లు గట్టు మీద కాపలా, నెలల తరబడి పడిన ఈ కష్టమంతా చివరి కొన్ని గంటల్లో దెబ్బతింది.

భోజనాల దగ్గర బావ అడిగాడు. "అమ్మాయ్, నువ్వు జువాలజీ చెప్తావు గదా. బతికున్నప్పుడు అద్దం మాదిరి ఉండే రొయ్య చచ్చినాక నల్లబడేదేంది? కుళ్లితే వాసన రావాల గదా. వాసన లేదే!"

అది పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని అని చెప్పాను. బావ తలూపి అన్నం కలుపుకున్నాడు. పేరు తెలిసింది గానీ ఆయన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. చచ్చిన రొయ్యలో పని చేస్తున్నది ఎవరు? దాన్ని ఆపడం ఎట్లా?

లోపల అక్క సాయంత్రం కూరకు వంకాయలు కోస్తోంది. కోసిన ముక్కను కోసినట్టే ఉప్పు నీళ్ల గిన్నెలో వేస్తోంది. కత్తిపీట పక్కన పడిపోయిన ఒక ముక్క నేను చూస్తుండగానే గోధుమ రంగుకు తిరిగింది. రొయ్య తలలో జరిగేదీ, వంకాయ ముక్క మీద జరిగేదీ ఒకే జాతి పని. తొమ్మిదో తరగతికి వస్తున్న మా అమ్మాయికి ఆ ముక్క చూపించాను. "పెదనాన్న అడిగినదానికి మనం చేసి చూపిద్దామా అమ్మా?" అంది. ఈ డైరీ అక్కడ మొదలైంది.

జూన్ 5

రొయ్యల దగ్గరికి వెళ్లేముందు అసలు ఎంజైమ్ పని చేయడం అంటే ఏమిటో అమ్మాయి కళ్లారా చూడాలనుకున్నాను. మెడికల్ షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా ఒకటి తెచ్చాను. పచ్చి బంగాళదుంప ముక్క ఒక గ్లాసులో, బాగా ఉడికించి చల్లార్చిన ముక్క ఇంకో గ్లాసులో వేసి, రెండింట్లో సమానంగా పోశాం.

పచ్చి ముక్క చుట్టూ క్షణాల్లో సన్నటి బుడగలు లేచాయి. తర్వాత పొంగే పాల లాగా తెల్లటి నురగ గ్లాసు సగానికి వచ్చింది. ఆర్పిన అగరుబత్తి కొనను ఆ నురగ దగ్గర పెడితే నిప్పు మళ్లీ ఎర్రగా రాజుకుంది. వచ్చేది ఆక్సిజన్. ఉడికిన ముక్క గ్లాసులో ఏమీ లేదు, నీళ్లలో నానబెట్టినట్టు పడి ఉంది.

తర్వాత అమ్మాయే ఒక ప్రశ్న వేసింది. ఆ ముక్క అరిగిపోయిందా, ఇంకా పని చేస్తుందా? పాతది పారబోసి, అదే ముక్క మీద కొత్తగా పెరాక్సైడ్ పోశాం. మళ్లీ నురగ. మూడోసారీ వచ్చింది, కొంచెం నెమ్మదిగా. ఎంజైమ్ సంగతి ఇదే. పని చేయిస్తుంది గానీ తను ఖర్చయిపోదు. ఒక పని ముగించి మరుక్షణం ఇంకోదానికి సిద్ధంగా ఉంటుంది. ఈ దుంపలో ఉన్నది కాటలేజ్. దాని అణువు ఒక్కటి సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువులను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. పెరాక్సైడ్ మన కణాల్లో కూడా రోజూ పుడుతూనే ఉంటుంది. ఎప్పటికప్పుడు తీసేయకపోతే కణానికే ముప్పు. అందుకే మన కాలేయంలో కాటలేజ్ అంత దండిగా ఉంటుంది.

మరి ఉడికిన దుంపలో ఏం పోయింది? ఎంజైమ్ అంటే ఒక ప్రోటీన్. ఆ ప్రోటీన్ అక్కడే ఉంది, ఆవిరైపోలేదు. పోయింది దాని ఆకారం. అమ్మాయి పాత పూసల దండ ఒకటి తీసుకుని చూపించాను. 20 రకాల పూసలు, అంటే అమైనో ఆమ్లాలు, ఏ వరసలో గుచ్చారన్నదాన్ని బట్టి దండ తనంతట తాను ఒక తీరుగా ముడుచుకుంటుంది. ఆ ముడతల మధ్య ఒక చిన్న గుంట ఏర్పడుతుంది. దండలో ఎక్కడో దూరదూరంగా ఉన్న పూసలు ముడుచుకున్నాక ఆ గుంట దగ్గర పక్కపక్కకు చేరతాయి. పనంతా జరిగేది ఆ గుంటలోనే. వేడి తగిలితే దండ తెగదు, ముడత విడిపోతుంది. గుంట చెదిరిపోతుంది. పూసలన్నీ ఉన్నా పని లేదు. కోడిగుడ్డు తెల్లసొన పెనం మీద గట్టిపడటం కూడా ఇదే.

జూన్ 8

నిన్నటి ప్రయత్నం వృథా అయింది. రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే తప్పు ఎక్కడుందో తెలిసింది.

నెల్లూరు మార్కెట్లో కిలో రొయ్యలు కొని, పదేసి చొప్పున డబ్బాల్లో పెట్టాం. ఒకటి బయట, ఒకటి ఐస్‌లో, ఒకటి నిమ్మరసంలో. రాత్రి దాకా గంటకోసారి చూశాం. బయట పెట్టినవి కూడా నల్లబడలేదు. వాసన మొదలైంది, ఒళ్లు మెత్తబడింది, నలుపు మాత్రం లేదు. ఈ రోజు అడిగితే, అవి ముందే మందు నీళ్లలో ముంచి తెచ్చినవని అమ్మినాయనే చెప్పాడు. అది సోడియం మెటాబైసల్ఫైట్. రొయ్యల వ్యాపారంలో నలుపు రాకుండా వాడేది అదే. ఎంజైమ్ ముందే చేతులు కట్టేసుకుని ఉంటే మా ఐస్, మా నిమ్మరసం ఏం చేశాయో ఎట్లా తెలుస్తుంది?

ఆ మందును ఇంట్లో వాడి చూద్దామని అమ్మాయి అంటే వద్దన్నాను. తడి తగిలితే దాన్నుంచి ఘాటైన గంధక వాయువు వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు అసలు పడదు. మా అత్తగారికి ఉబ్బసం. మనకు కావలసింది రొయ్యల గుంటలోంచి అప్పుడే తీసిన, ఏ నీళ్లలోనూ ముంచని రొయ్య.

జూన్ 10

బావకు ఫోన్ చేశాను. రెండో గుంటలో 14న పార్షియల్ పట్టుబడి, అంటే కొన్ని రొయ్యలను మాత్రమే పట్టడం, ఉందట, రమ్మన్నాడు. ఈ లోపు అమ్మాయి ఒకటే ప్రశ్న: "ప్రాణం లేనప్పుడు ఎంజైమ్ ఎట్లా పని చేస్తుందమ్మా?"

ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే ఇది తేలలేదు. చక్కెర నీళ్లు పులిసి సారా కావాలంటే బతికున్న ఈస్ట్ కణం ఉండాల్సిందేనని లూయీ పాశ్చర్ గట్టిగా నమ్మాడు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో కలిపి నూరి, పిండి, రసం తీశాడు. అందులో బతికున్న కణం ఒక్కటీ లేదు. చక్కెర కలిపితే రసం బుడగలు కక్కింది, పులిసింది. దానికి ఆయనకు 1907లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. కణం చచ్చినా దానిలోని పనిముట్లు పాడుకానంతవరకూ పని చేస్తూనే ఉంటాయి. వడ్రంగి వెళ్లిపోయినా ఉలి పదును పోనట్టు. కాకపోతే ఈ ఉలిని పట్టుకునే చెయ్యి అవసరం లేదు, చెక్క తగిలితే చాలు, తనే చెక్కుకుంటూ పోతుంది. అదుపు చేసేవాడు లేడు, అంతే తేడా.

జూన్ 14

తెల్లవారుజామున 4 గంటలకు గట్టు మీద ఉన్నాం. ఏరేటర్లు ఆపాక గుంట నిశ్శబ్దంగా ఉంది. వల లాగి మొదటి తట్ట పైకి తేగానే బావ ఒక దోసెడు తీసి మా ఐస్ నీళ్ల బకెట్లో వేశాడు, ఇంకో దోసెడు ఖాళీ ప్లాస్టిక్ ట్రేలో. రొయ్యలు ట్రేలో టపటపా కొట్టుకుంటుంటే అమ్మాయి ముఖం తిప్పుకుంది. ఐస్ నీళ్లలో వేసినవి మాత్రం వెంటనే కదలిక ఆపేశాయి.

పదేసి రొయ్యలతో ఆరు గుంపులు. బయట నీడలో ట్రేలో, ఐస్‌లో, ఉప్పు నీళ్లలో, గూడూరు నిమ్మకాయల రసం కలిపిన నీళ్లలో, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసినవి, పది సెకన్లే ముంచి తీసినవి. పది సెకన్ల గుంపు ముందు అనుకున్నది కాదు. అమ్మాయి చేతిలో జల్లెడ జారబోతే తొందరగా తీసేసింది, వాటినీ వేరే గుంపుగా పెట్టమన్నాను.

మరిగే నీళ్లలో పడగానే బూడిద నీలం రంగు రొయ్య నారింజ ఎరుపుకు తిరిగింది. రోజూ వంటింట్లో చూసేదే, కానీ ఈ రోజు ఇద్దరం వంగి చూశాం. ఎరుపు నీళ్లలోంచి రాలేదు, మొదటినుంచీ రొయ్యలోనే ఉంది. అది అస్టాజాంథిన్, క్యారెట్ రంగుకు చుట్టం. రొయ్య ఇలాంటి రంగును సొంతంగా మొదటినుంచీ తయారు చేసుకోజాలదు, మేతలోంచే రావాలి. పెంకులో క్రస్టాసయానిన్ అనే ప్రోటీన్ ఆ రంగును తన ముడతలో ఇరికించి పట్టుకుంటుంది. ఆ పట్టులో ఉన్నంతసేపూ రంగు నీలంగా కనబడుతుంది. వేడికి ముడత విడిపోయిందంటే పట్టు వదిలింది, ఎరుపు బయటపడింది. ప్రోటీన్ ఆకారం చెడటం కళ్లకు కనిపించాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. మా కాలేజీ ల్యాబులో ఏ పరికరమూ దీన్ని ఇంత స్పష్టంగా చూపించలేదు.

బయట ట్రేలో నీడన 33 డిగ్రీలు. 9 గంటలకు, అంటే ఐదు గంటల తర్వాత, మొదటి గుర్తు. తల పెంకు ఒంటిని కలిసే అంచున పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి గీత. పెంకు ఎత్తి చూస్తే లోపలి పొర మీద బొగ్గు పొడి చల్లినట్టుంది. 10 గంటలకు గీత పట్టీ అయింది. 11 గంటలకు తల అడుగు, కాళ్లు మొదలయ్యే చోటు, తోక కొసలు. పదింటిలో ఎనిమిది నల్లబడ్డాయి. వాసన అప్పటికీ పెద్దగా లేదు. బావ చెప్పింది నిజమే, కుళ్లడం వేరు, ఇది వేరు.

రెండు నిమిషాలు ఉడికినవి సాయంత్రం దాకా ఎర్రగానే ఉన్నాయి. పది సెకన్లవి చూసి మాత్రం ఆశ్చర్యపోయాం. పైకి ఎర్రగా వండినట్టే ఉన్నాయి. 8 గంటలకే, బయట ట్రే కంటే ముందుగా, తల లోపలనుంచి నలుపు వచ్చింది. పెంకు వరకే వేడి తగిలింది, లోపల తగిలింది గోరువెచ్చన మాత్రమే. ఎంజైమ్ చావలేదు, పైగా కణాలు పగిలి సరుకంతా కలిసిపోయింది. వెచ్చదనంతో పని వేగం పెరుగుతుంది, ఇంకా వేడి పెరిగితే పనిముట్టే పాడైపోతుంది. రెండింటికీ మధ్య ఆగితే నష్టమే.

నిమ్మరసంలోవి నల్లబడలేదు. కానీ ఒల్చి చూస్తే మాంసం అంచులు ఉడికినట్టు తెల్లగా అయిపోయాయి. పులుపు కూడా వేడి లాగే ముడతలు విప్పుతుంది, నల్లబరిచే ఎంజైమ్‌నే కాదు, కండ ప్రోటీన్‌నూ వదల్లేదు. ఇంట్లో కూరకైతే పర్వాలేదు, పచ్చి రొయ్య కొనేవాళ్లు తీసుకోరు.

ఉప్పు నీళ్లలోవి మధ్యాహ్నం 2 గంటలకు మొదలయ్యాయి. ఉప్పుకు వంకాయలోని ఎంజైమ్‌ను నెమ్మదింపజేసే గుణం ఉంది. అయితే ఇక్కడ పని చేసింది ఉప్పా, లేక నీళ్లలో మునిగి గాలి తగలకపోవడమా? ఉత్త నీళ్ల గుంపు పెట్టలేదు కాబట్టి చెప్పలేను. వచ్చేసారి పెట్టాలి.

జూన్ 17

ఐస్ పెట్టె ఇంటికి తెచ్చి రోజుకు రెండుసార్లు ఐస్ మారుస్తున్నాం. నిన్న ఉదయం, 52 గంటల దగ్గర, మొదటి గీత కనిపించింది. బయట 5 గంటల్లో వచ్చింది ఐస్‌లో 52 గంటలకు వచ్చింది.

పది డిగ్రీలు తగ్గితే ఎంజైమ్ వేగం సుమారు సగానికి పడిపోతుందని పిల్లలకు చెప్తాం. 33 నుంచి సున్నా దాకా మూడు పదులు, పైన కొంచెం. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మాకు వచ్చింది పది రెట్లు. పది రొయ్యల లెక్కకు ఇది దగ్గరే. చలి ఎంజైమ్‌ను చంపదు, వేగం తగ్గిస్తుందంతే. ఐస్ కరిగిన మరుక్షణం లేచి కూర్చుంటుంది.

ఇంకో సంగతి అమ్మాయి కనిపెట్టింది. నల్లబడ్డవి మూడూ ఐస్ పైకి తేలి గాలికి తల బయటపెట్టినవే. అడుగున ఐస్ నీళ్లలో మునిగినవి శుభ్రంగా ఉన్నాయి. ఈ ఎంజైమ్‌కు ఆక్సిజన్ కావాలి. దాని గుంటలో రెండు రాగి పరమాణువులు ఉంటాయి, ఆక్సిజన్‌ను పట్టుకునేది అవే. ఫినాల్ జాతి అణువుకు ఆ ఆక్సిజన్ తగిలిస్తే క్వినోన్లు పుడతాయి. అవి ఒకదానికొకటి అతుక్కుంటూ పోయి మెలనిన్ అవుతాయి. మన జుట్టును నల్లగా ఉంచేది కూడా మెలనినే.

వెంటనే బావకు ఫోన్ చేశాను. "ఆ రోజు ఏ పెట్టెలు నల్లబడ్డాయి బావా?"

"పైవే. అడుగువి బాగుండాయి. ఐస్ తక్కువైంది గదా, పైన చల్లలేదు."

జూన్ 21

మొన్న బావ ఇంటికి వచ్చాడు. డబ్బాలు, నోట్‌బుక్ అన్నీ చూశాడు. చూసి ఇంకో ప్రశ్న వేశాడు. "సరే, ఎంజైమ్ రొయ్యలోనే ఉండాది, గుంట నీళ్లలో ఆక్సిజన్ ఏరేటర్లు పెట్టి మనమే ఇస్తుండాం. మరి బతికున్నప్పుడు ఎందుకు నల్లబడదు?"

అసలు ప్రశ్న ఇది. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి ఈ రోజు చెప్పాను.

బతికున్న రొయ్య ఈ ఎంజైమ్‌ను సిద్ధంగా ఉంచుకోదు. రక్త కణాల్లో, తొడుగులో పెట్టిన కత్తి లాగా, పని చేయని రూపంలో దాచుకుంటుంది. ఆ దండకు కొసన ఒక అదనపు ముక్క ఉంటుంది, అది ఉన్నంతవరకూ గుంట తెరుచుకోదు. రొయ్యకు దెబ్బ తగిలిందనుకోండి, లేదా సూక్ష్మజీవి లోపలికి దూరిందనుకోండి, అప్పుడు ప్రోటీన్లను కోసే ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ ముక్కను కత్తిరిస్తుంది. కత్తి బయటికి వస్తుంది. గాయం దగ్గర మెలనిన్ పేరుకుని కట్టు కట్టినట్టు మూసేస్తుంది, లోపలికి వచ్చిన క్రిమిని చుట్టి బంధిస్తుంది. పని అవగానే అదుపు చేసే ప్రోటీన్లు దాన్ని ఆపేస్తాయి.

బావ సగంలోనే అందుకున్నాడు. "మీసం తెగిన రొయ్యకు, ఒంటి మీద దెబ్బ తగిలిన రొయ్యకు నల్ల మచ్చ ఉంటాది. మేత తిన్నాయా లేదా చూసే చెక్ ట్రేలో చూస్తుంటాం. అదీ ఇదేనా?"

అదే. గాయం మానుతున్న గుర్తు అది. బావ పాతికేళ్లుగా చూస్తున్నాడు. నేను పుస్తకంలో చదివాను గానీ బతికున్న రొయ్య మీద ఎప్పుడూ చూడలేదు. ఆయన ఫోన్‌లో ఫొటో తీసి చూపించాడు, మూడో కణుపు మీద గింజంత మచ్చ.

మరి చచ్చాక? తలలో రైతులు లివర్ అనే భాగం, పుస్తకాల్లో హెపటోపాంక్రియాస్, జీర్ణ ఎంజైములతో నిండి ఉంటుంది. ప్రాణం పోయాక గోడలు సడలి ఆ ఎంజైములు చుట్టుపక్కలకు కారతాయి. వాటికి తెలిసింది ప్రోటీన్ కోయడం ఒక్కటే. ఎదురైన తొడుగులన్నీ కోసిపడేస్తాయి. ఇక గాయం లేకుండానే కట్టు కట్టడం మొదలవుతుంది, ఆపమనేవాళ్లు లేరు. నలుపు తల దగ్గరే మొదలవడానికి కారణం ఇదే.

బావ చాలాసేపు మాట్లాడలేదు. "అంటే అది రొయ్యకు మేలు చేసేదేనన్నమాట," అన్నాడు చివరికి.

జూన్ 25

కాలేజీ తెరిచారు. ఎంజైముల పాఠం ఈసారి రొయ్యతో మొదలుపెట్టాను. తాళానికి దాని చెవే సరిపడినట్టు ఎంజైమ్ గుంటకు తగిన అణువే సరిపడుతుందని ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన పోలిక పుస్తకంలో ఉంది, అది చెప్పాను. దాని కంటే చేతికి తొడుక్కునే గ్లవ్ పోలిక నాకు నచ్చుతుంది. చెయ్యి దూరాకే గ్లవ్‌కు సరైన ఆకారం వస్తుంది. 1958లో కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇంచుమించు ఇదే, అణువు వచ్చి కూర్చుంటే గుంట దానికి తగ్గట్టు సర్దుకుంటుంది.

పూసల దండ ఎటు పడితే అటు వంగదని, వంగగల కోణాలకు హద్దులున్నాయని 1963లో లెక్కగట్టి గీసింది మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం. ప్రపంచంలో ప్రోటీన్ ఆకారం కనుక్కున్న ప్రతిసారీ ఆ పటంతో సరిచూసుకుంటారు. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో దిగే ఊళ్లో జరిగిన పని అది. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తారు.

జూన్ 29

మిగిలిన రొయ్య పట్టుబడి. ఈసారి బావ ఐస్ ముందు రోజు రాత్రే తెప్పించి తాటాకుల కింద పెట్టించాడు. వల లాగకముందే పెద్ద టబ్బుల్లో ఐస్ నీళ్లు తయారు. తట్ట గట్టు మీద దించకుండా నేరుగా టబ్బులోకి. పెట్టెల్లో ఒక వరస ఐస్, ఒక వరస రొయ్య, పైన మళ్లీ జానెడు ఐస్, ఒక్క తల కూడా గాలికి కనబడకుండా. తొక్కడం, కుక్కడం లేదు. తల నలిగితే లివర్ పగులుతుందని కూలీలకు బావే చెప్తుంటే విన్నాను.

మేం ఉత్త నీళ్ల గుంపు, ఉప్పు నీళ్ల గుంపు పక్కపక్కన పెట్టాం. రెండింటికీ గీత ఇంచుమించు ఒకే సమయానికి వచ్చింది, 20 నిమిషాల తేడా. మా రొయ్యల విషయంలో ఉప్పు కంటే గాలి తగలకపోవడమే ఎక్కువ పని చేసినట్టుంది. ఇంకోసారి చేస్తే గానీ గట్టిగా రాయను. గాలి పిండేసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టినవి ఉదయం 10 గంటలకు కూడా తెల్లగానే ఉన్నాయి. సంచి విప్పి గాలికి పెట్టాక గంటన్నరలో నల్లబడ్డాయి. అమ్మాయి వాటి పక్కనే కూర్చుని పది నిమిషాలకో బొమ్మ గీసింది, మొత్తం తొమ్మిది బొమ్మలు.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. పెట్టెలు విప్పారట, పై వరస కూడా శుభ్రంగా ఉందట. మాట్లాడుతూనే, అక్క రొయ్యల ఇగురు చేసింది, మీరూ అమ్మాయీ రాత్రికి వచ్చేయండన్నాడు. వచ్చేటప్పుడు ఆ బొమ్మల నోట్‌బుక్ తెమ్మన్నాడు, పక్క గుంట రైతు చూడాలంటున్నాడట.